విలియం కేరీ విజయం ఎక్కడ?



ఏటా జనవరి దాటాక సంఘాల వార్షిక నివేదికలు మా బల్ల మీదికి వస్తాయి. బాప్తిస్మములు ఎన్ని, కొత్తగా చేరిన కుటుంబాలు ఎన్ని, కానుకలు ఎంత, మందిర నిర్మాణం ఎంతవరకు వచ్చింది అని గళ్ళు గీసిన కాగితాలు. ఈసారి ఒక పల్లె కాపరి పంపిన కాగితం దగ్గర మా చెయ్యి ఆగిపోయింది. బాప్తిస్మముల గడిలో సున్నా వేసి, దాని పక్కనే చిన్న అక్షరాలతో క్షమించమని వ్రాశాడు. ఎవరిని క్షమించమంటున్నాడో మాకు తెలియలేదు. మమ్మల్నా, సంఘ పెద్దలనా, దేవుణ్ణా? ఆ గడి గీసింది మాత్రం మేమే.

ఆ సున్నాను చూస్తుంటే విలియం కేరీ గుర్తుకు వచ్చాడు. వేదాంత కళాశాలలో మేము చదువుకున్న రోజుల నుండి ఆయన మాకు దగ్గరివాడే. మా పట్టా మీద ఉన్నది ఆయనా, ఆయన సహచరులూ స్థాపించిన సెరాంపూర్ పేరే. మిషనరీ ఆదివారాల్లో ఆయన గురించి ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్క లేదు. చెప్పులు కుట్టిన చేతులతో ఆరు భాషల్లో సంపూర్ణ బైబిలు, సుమారు నలభై భాషల్లో లేఖన భాగాలు, కళాశాల, పత్రిక, సతీసహగమనంపై పోరాటం. ఈ వరుస గట్టిగా చెబితే చాలు, సంఘం హల్లెలూయ అంటుంది. చాలా ఏళ్ళ క్రితం అలాంటి ప్రసంగం ఒకటి ముగించి తలుపు దగ్గర నిలబడి ఉండగా, ఒక పెద్ద పాస్టరమ్మ గారు ఆగి, అయ్యగారూ, ఆయన భార్య ఏమైంది, మీరు చెప్పలేదే అని అడిగారు. జ్వరంతో చనిపోయిందమ్మా అన్నాము. అది అబద్ధం కాదు. నిజమూ కాదు. ఆ జవాబును ఇన్నేళ్ళకు ఇక్కడ సరిదిద్దుకోవాలని ఈ వారం కేరీ జీవితాన్ని మళ్ళీ వ్రాస్తున్నాము.

కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లాండులోని నార్తాంప్టన్‌షైర్ ప్రాంతంలో పాలర్స్‌పరీ అనే పల్లెటూళ్ళో పుట్టాడు. తండ్రి ఎడ్మండ్ మగ్గం నేసేవాడు, తర్వాత ఊరి బడిపంతులు అయ్యాడు. ఎండ తగిలితే బాధపెట్టే చర్మవ్యాధి ఉండడం వల్ల పిల్లవాడిని పొలం పనికి పంపలేక పిడింగ్టన్ అనే ఊళ్ళో చెప్పులు కుట్టే క్లార్క్ నికోల్స్ దగ్గర పనిలో పెట్టారు. అక్కడ జరిగిన ఒక చిన్న సంగతిని కేరీయే తర్వాత చెప్పుకున్నాడు. క్రిస్మస్ సమయంలో పనికుర్రవాళ్ళు దుకాణాలవారి దగ్గర చిన్న చిన్న కానుకలు అడిగి తెచ్చుకోవడం వాడుక. ఒక వర్తకుడు ఇచ్చిన షిల్లింగు చెల్లనిదని తెలిశాక, దాన్ని యజమాని డబ్బులో కలిపేసి మంచి నాణెం తాను వాడుకున్నాడు. అబద్ధం బయటపడకుండా చూడమని దారిపొడవునా దేవునికి ప్రార్థన కూడా చేశాడు! దేవుడు ఆ ప్రార్థన వినలేదు. యజమాని కనిపెట్టాడు, కుర్రవాడు సిగ్గుతో ముఖం ఎత్తుకోలేక పోయాడు. తోటి పనివాడు జాన్ వార్ పక్కన కూర్చొని ఎంతో కాలంగా చెబుతున్న సువార్త ఆ సిగ్గులోనే ఆయన హృదయంలోకి దిగింది.

1781లో, ఇంకా ఇరవై ఏళ్ళు నిండకముందే, డొరొతి ప్లాకెట్ అనే యువతిని పెండ్లి చేసుకున్నాడు. ఆమె ఆయనకంటే కొన్నేళ్ళు పెద్దది. చదువు రాదు, చర్చి పుస్తకంలో సంతకానికి బదులు గీత గీసింది. వారి మొదటి బిడ్డ ఆన్ రెండేళ్ళకే జ్వరంతో చనిపోయింది. అదే జ్వరంతో మంచం పట్టిన కేరీ బ్రతికి బయటపడ్డాడు గానీ తలమీద జుట్టు ఊడిపోయింది. ఆ తర్వాత మరో ఆడబిడ్డనూ పోగొట్టుకున్నారు. డొరొతి కథ చెప్పాలంటే ఇక్కడి నుండే చెప్పాలి. ఇండియాకు రాకముందే ఆమె ఇద్దరు కూతుళ్ళను మట్టిలో పెట్టిన తల్లి.

1783లో కేరీ బాప్తిస్మము పొందాడు. ప్రసంగీకుడిగా గుర్తింపు కోరినప్పుడు ఆల్నీ సంఘం మొదటిసారి ఆయనను ఆమోదించలేదు, ఇంకొంత కాలం చూద్దామన్నది. మౌల్టన్ సంఘంలో కాపరి అయ్యాక జీతం చాలక బడి నడిపాడు, బడి చాలక చెప్పులు కుట్టాడు. బడిలో పిల్లలను అదుపు చేయడం ఆయనకు చేతనయ్యేది కాదట. అయితే తోలు ముక్కలతో భూగోళం చేసి, గోడకు పటం అంటించి, ఏ దేశంలో ఎంతమంది, ఏ మతం అని వ్రాసుకునేవాడు. కెప్టెన్ కుక్ సముద్ర యాత్రల పుస్తకం ఆయన నిద్ర చెడగొట్టింది. లాటిను, గ్రీకు, హెబ్రీ, డచ్చి, ఫ్రెంచి భాషలు పనిచేస్తూనే నేర్చుకున్నాడు. 1792 మే నెలలో అన్యజనులకు సువార్త అందించవలసిన బాధ్యతపై చిన్న పుస్తకం ప్రచురించాడు. అదే నెల చివర నాటింగ్‌హామ్‌లో యెషయా 54వ అధ్యాయం మీద, గుడారపు చోటు విశాలపరచే ఆ వాక్యభాగం మీద ప్రసంగించాడు. అక్టోబరు 2న కెట్టరింగ్ ఊళ్ళో ఒక విధవరాలి ఇంట్లో కొందరు కాపరులు కూడి మిషను సంఘాన్ని స్థాపించారు. అక్కడికక్కడ రాసుకున్న చందా మొత్తం 13 పౌన్లు, 2 షిల్లింగులు, 6 పెన్నీలు. ఈ సంఖ్యను మేము ప్రసంగాల్లో ఎప్పుడూ మరచిపోలేదు.

మరచిపోయింది ఇది. ఇండియాకు వెళ్తానని కేరీ సభలో ఒప్పుకున్నప్పుడు డొరొతి గర్భవతి. ఆమె రానన్నది. ఊరు దాటి ఎరుగని మనిషి, కడుపులో బిడ్డ, ఇంట్లో మరో ముగ్గురు మగపిల్లలు, ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తున్న సముద్రం. రాననడంలో తప్పేముంది? కేరీ పెద్దకొడుకు ఫీలిక్స్‌ను మాత్రం తీసుకొని బయలుదేరాడు. అయితే ఈస్టిండియా కంపెనీ అనుమతి లేనందున, తోటి మిషనరీ డాక్టర్ జాన్ థామస్ అప్పులవాళ్ళు వెంటపడినందున, ఓడ కెప్టెన్ వాళ్ళను దింపేశాడు. ఈ ఆలస్యంలో బిడ్డ పుట్టాడు. యాబేజు అని పేరు పెట్టారు. కేరీ, థామస్ మళ్ళీ ఇంటికి వచ్చి అడిగారు. ఆమె మళ్ళీ కాదన్నది. బయటికి వచ్చాక థామస్ ఒక్కడే వెనక్కి వెళ్ళి, ఇప్పుడు రాకపోతే బ్రతికినంత కాలం పశ్చాత్తాపపడతావని బెదిరించినట్టు మాట్లాడాడు. చెల్లెలు కిట్టీ తోడు వస్తే వస్తానని డొరొతి ఒప్పుకుంది. 1793 జూన్ 13న డెన్మార్కు ఓడ ఎక్కినప్పుడు ఆమె చంకలో కొద్ది వారాల పసికందు.

నవంబరు 11న కలకత్తా చేరారు. తెచ్చిన డబ్బు థామస్ చేతిలో త్వరగా కరిగిపోయింది. ఆ పట్టణంలో తలదాచుకోను చోటు లేక, రొట్టెకు డబ్బు లేక, భార్యకు, మరదలికి, పెద్దపిల్లలకు రక్తవిరేచనాలు పట్టుకొని, కేరీ సుందరవనాల అంచుకు కుటుంబాన్ని పడవలో తీసుకుపోయాడు. పులులు తిరిగే చోటు అది. అక్కడ ఆదుకున్న చార్లెస్ షార్ట్ అనే కంపెనీ ఉద్యోగిని కిట్టీ పెండ్లి చేసుకొని ఉండిపోయింది. కేరీకి ఉత్తరాన మద్నాబాటిలో నీలిమందు తయారీ చూసే ఉద్యోగం దొరికి వెళ్ళిపోయారు. డొరొతి ఏ తోడును నమ్ముకొని ఓడ ఎక్కిందో ఆ తోడు ఇక లేదు.

1794లో అయిదేళ్ళ పేతురు అక్కడ చనిపోయాడు. కేరీ కూడా జ్వరంతో ఉన్నాడు. మైలకు, కులకట్టుబాటుకు భయపడి పెట్టె చేయడానికి గానీ, బిడ్డ దేహాన్ని మోయడానికి గానీ ఎవరూ రాలేదు. తల్లిదండ్రులే మోసుకుపోదామనుకున్నంత వరకు వచ్చింది. ఎంతో బ్రతిమాలాక కొందరు గొయ్యి త్రవ్వారు.

డొరొతి మనసు అక్కడ తెగిపోయింది. 1795 నాటికి భర్త తనను మోసం చేస్తున్నాడన్న భ్రమ ఆమెను పట్టుకుంది. ఆయన వెళ్ళిన చోటల్లా వెంటపడి, అందరి ముందు తిట్టేది. కత్తితో మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. ఇతర విషయాల్లో మామూలుగా మాట్లాడుతూనే ఈ ఒక్క విషయంలో ఎవరు చెప్పినా వినేది కాదు. చివరికి ఆమెను గదిలో ఉంచి తాళం వేయవలసి వచ్చింది. ఇలా పన్నెండేళ్ళు. పిచ్చాసుపత్రికి పంపమన్నవారున్నారు. ఆనాటి అలాంటి చోట్ల మనుషులను ఎలా చూసేవారో తెలిసిన కేరీ పంపలేదు. ఆమె ఒక గదిలో కేకలు వేస్తుంటే పక్క గదిలో పండితుల నడుమ కూర్చొని బెంగాలీ క్రొత్త నిబంధన దిద్దుకునేవాడు.

ఈ చివరి వాక్యం దగ్గర మనవాళ్ళు కేరీ పట్టుదలను మెచ్చుకుంటారు. మేమూ మెచ్చుకున్నాము. ఇప్పుడు అంత సులభంగా మెచ్చుకోలేము. ఆయన ఆమెను విడిచిపెట్టలేదు, అది నమ్మకత్వమే. కానీ ఆమె రెండుసార్లు కాదన్నప్పుడు ఆ మాట విని, ఒక ఏడాదో రెండేళ్ళో ఆగి ఉంటే దేవుని రాజ్యం ఆగిపోయి ఉండేదా? ఆనాడు మానసిక వ్యాధికి మందూ లేదు, దాని మీద జాలీ తక్కువే. ఆ సంగతి ఒప్పుకుంటూనే, కేరీ చేసిన పనుల వరుసలో ఒక గడి కింద డొరొతి పేరు కూడా వ్రాసి ఉందని ఒప్పుకోవాలి. ఆమె ఆయన విజయానికి అడ్డమైన భార్య అని పాత పుస్తకాలు కొన్ని వ్రాశాయి. ఆ మాట సంఘంలో ఎవరైనా చెబితే ఇకనైనా మనం తల ఊపకూడదు.

మద్నాబాటిలో సుమారు అయిదున్నర ఏళ్ళు. ఊరూరా తిరిగి ప్రకటించాడు, బడి పెట్టాడు, పాత అచ్చుయంత్రం ఒకటి సంపాదించాడు. ఒక్క బెంగాలీ కూడా బాప్తిస్మము పొందలేదు. మన నివేదికలో అయితే అయిదుసార్లు సున్నా. ఇంగ్లాండులో చందా వేసినవారికి ఆయన ఉత్తరాలు వ్రాస్తూనే ఉన్నాడు. పంట లేని ఉత్తరాలు.

1799లో జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్, మరికొందరు ఇంగ్లాండు నుండి వచ్చారు. కంపెనీ వారిని తన సీమలో అడుగుపెట్టనీయదని డెన్మార్కు పాలనలో ఉన్న సెరాంపూర్‌లో దిగారు. 1800 జనవరిలో కేరీ కుటుంబంతో అక్కడికి చేరాడు. అందరూ ఒకే ఇంట్లో, ఒకే వంట, ఒకే డబ్బుపెట్టె. అప్పటికి కేరీ పిల్లలు ఎవరి మాటా వినని మొండివాళ్ళుగా పెరిగారు. తల్లి ఆ స్థితిలో, తండ్రి పుస్తకాల్లో. వాళ్ళకు అన్నం పెట్టి, తల దువ్వి, మాట నేర్పింది మార్ష్‌మన్ భార్య హన్నా. ఫీలిక్స్‌ను ప్రభువు దగ్గరికి నడిపించడంలో వార్డ్ ఎంతో శ్రమపడ్డాడు. కేరీ ఘనత అని మనం చెప్పుకునేదానిలో ఈ ఇద్దరి వాటా తీసేస్తే మిగిలేది తక్కువ.

ఆ ఏడాది చివర కృష్ణపాల్ అనే వడ్రంగి కాలు జారి పడితే భుజం కీలు తప్పింది. డాక్టర్ థామస్ దాన్ని సరిచేసి, కట్టుకట్టి, సువార్త చెప్పాడు. కృష్ణపాల్ విశ్వసించాడు, మిషనరీలతో కలిసి భోజనం చేశాడు. ఆ ఒక్క ముద్దతో ఊరు ఊరంతా లేచింది. 1800 డిసెంబరు 28, ఆదివారం. హుగ్లీ నది ఒడ్డున యూరోపియన్లు, హిందువులు, ముస్లిములు గుంపుగా నిలబడ్డారు. డెన్మార్కు గవర్నరు కూడా వచ్చాడు, కన్నీళ్ళు ఆపుకోలేకపోయాడు. కేరీ మొదట తన కొడుకు ఫీలిక్స్‌కు, తర్వాత కృష్ణపాల్‌కు బాప్తిస్మమిచ్చాడు. ఇండియాకు వచ్చిన ఏడేళ్ళకు మొదటి ఫలం.

అదే గంటలో మిషను ఇంట్లో రెండు గదులకు తాళాలు వేసి ఉన్నాయి. ఒక గదిలో డొరొతి. ఇంకో గదిలో, పదిహేడేళ్ళుగా ఈ రోజు కోసం కనిపెట్టి, అది వచ్చేసరికి సంతోషం తట్టుకోలేక మతి చెదిరిన డాక్టర్ థామస్. ఒడ్డున పాటలు, ఇంట్లో కేకలు.

ఈ దృశ్యాన్ని మేము చాలాకాలం సగమే చూశాము. నదిని చూశాము, గదులను చూడలేదు. నదిలో నిలబడినవాడు, గదుల తాళాలు చేతిలో ఉన్నవాడు ఒకే మనిషి. ఆ రోజు నివేదికలో బాప్తిస్మముల గడిలో రెండు అని వ్రాస్తాం. మిగతాది ఏ గడిలో వ్రాస్తాం? తలాంతుల ఉపమానంలో అయిదు సంపాదించినవానికీ, రెండు సంపాదించినవానికీ యజమాని చెప్పిన మాట ఒక్కటే, అక్షరం తేడా లేదు. పౌలు కొరింథీ సంఘానికి వ్రాస్తూ గృహనిర్వాహకులలో వెదకవలసింది నమ్మకత్వమనే చెప్పాడు. గృహనిర్వాహకుడు అన్న మాటలో గృహం ఉందని మాకు వెలిగింది ఆలస్యంగానే.

తర్వాతి ఏళ్ళ సంగతులు మీకు తెలిసినవే, త్వరగా చెప్పుకుందాం. 1801లో బెంగాలీ క్రొత్త నిబంధన అచ్చయింది. అదే ఏడు కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో బెంగాలీ బోధించే ఉద్యోగం వచ్చింది. నెలకు 500 రూపాయలు, కొన్నేళ్ళకు 1000. ఆనాటికి అది రాజభోగపు జీతం. ఆయన కుటుంబానికి కొద్దిపాటి మాత్రమే ఉంచుకొని తక్కినదంతా ఆ ఉమ్మడి పెట్టెలో వేశాడు. పంచానన్ కర్మకార్, ఆయన అల్లుడు మనోహర్ వంటి శిల్పులు ఒక్కో లిపికి అక్షరాలు చెక్కారు. తెలుగువారికి కూడా ఆ ముద్రణాలయం ఋణదాత. విశాఖపట్నంలో లండన్ మిషను సేవకుడు డెస్ గ్రాంజెస్, ఆయనకు తోడుగా ఆనందరాయర్ అనువదించిన సువార్తలు 1812లో అచ్చయింది సెరాంపూర్‌లోనే. అప్పటికి డెస్ గ్రాంజెస్ కన్నుమూసి రెండేళ్ళయింది. అచ్చయిన కాగితం ఆయన చూడలేదు.

1807 డిసెంబరు 8న డొరొతి చనిపోయింది. జ్వరంతోనే. పాస్టరమ్మ గారికి మేము చెప్పిన జవాబు ఆ చివరి వారాలకు మాత్రమే సరిపోతుంది. ఆరు నెలలు కూడా నిండకముందే కేరీ షార్లెట్ రూమర్ అనే డెన్మార్కు వనితను వివాహం చేసుకున్నాడు. ఇంత తొందరేమిటని సహచరులే నొచ్చుకున్నారు. ఆమె చదువుకున్నది, ఆరోగ్యం లేనిది, సరిగా నడవలేకపోయేది. వారిద్దరూ 1821లో ఆమె మరణించే వరకు పదమూడేళ్ళు సంతోషంగా జీవించారు. ఈ సంతోషాన్ని కూడా దాచవలసిన పనిలేదు.

1812 మార్చి 11 సాయంత్రం ముద్రణాలయం అంటుకుంది. కేరీ ఆ రోజు కలకత్తాలో ఉన్నాడు. మరునాడు మార్ష్‌మన్ వెళ్ళి కబురు చెప్పాడు. 14 భాషల అచ్చు అక్షరాలు సీసపు ముద్దలైపోయాయి, కాగితం కుప్పలు బూడిదయ్యాయి. అన్నింటికంటే తీరని నష్టం వ్రాతప్రతులు: ఏళ్ళ తరబడి కూర్చిన అనేక భాషల నిఘంటువు, అనువాద భాగాలు, పంజాబీ వ్యాకరణం, తెలుగు వ్యాకరణం. అక్షరాలు పోతపోసే మూసలు మాత్రం బూడిదలో చెడకుండా దొరికాయి. కేరీ మళ్ళీ మొదటి పుట నుండి వ్రాయడం మొదలుపెట్టాడు. తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయి బయటికి వచ్చింది. సెరాంపూర్ తెలుగు క్రొత్త నిబంధన 1818లో వచ్చింది.

ఇక్కడ తెలుగు విశ్వాసులుగా మనం ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మన చేతుల్లో ఉన్న బైబిలు కేరీ అనువాదం కాదు. తెలుగు వినిపించే ఊళ్ళకు ఎంతో దూరంలో, పండితుల సాయంతో తయారైన ఆ అనువాదం సంఘంలో నిలవలేదు. ఒక్క తెలుగే కాదు, ఆయన చేసిన అనేక అనువాదాలను తర్వాతివారు మళ్ళీ మొదటి నుండి చేయవలసి వచ్చింది. నలభై భాషలు అని మనం గొప్పగా చెప్పే సంఖ్యలో చాలావరకు ఈనాడు గ్రంథాలయాల అరల్లోనే ఉన్నాయి. సంఖ్యే విజయమైతే కేరీ విజయం ఏనాడో సగానికి పైగా చెరిగిపోయింది. మాకైతే ఆ 1814 వ్యాకరణం మీదే మనసు నిలుస్తుంది. కాలిపోయిన దాన్ని, తాను ఎన్నడూ కాపురముండని సీమ భాష కోసం, యాభై ఏళ్ళ వయసులో మళ్ళీ కూర్చొని వ్రాసిన ఓపిక అది. తనలో చెప్పుకోదగ్గది ఏమైనా ఉంటే ఆగకుండా మెల్లగా నడిచిపోయే గుణమొక్కటేనని తమ్ముని కొడుకు యూస్టేస్‌తో ఆయన అన్నాడు.

ఆ అగ్నిప్రమాదం వార్త బ్రిటనులో కేరీని ప్రఖ్యాతుడిని చేసింది. రెండు నెలల్లోనే 10,000 పౌన్లు పోగయ్యాయి. పేరు వచ్చాక ఏమవుతుందో మనకు తెలియనిదా? 1815లో ఇంగ్లాండులో ఆయన మిత్రుడు ఆండ్రూ ఫుల్లర్ మరణించాడు. తర్వాత వచ్చిన కమిటీ సభ్యులలో కేరీని ముఖాముఖి ఎరిగినవారు తక్కువ. సెరాంపూర్ ఆస్తులు ఎవరి పేరున ఉన్నాయని ప్రశ్నలు వచ్చాయి. అక్కడివారు భోగంగా బ్రతుకుతున్నారని, సొమ్ము కూడబెట్టారని మాటలు పుట్టాయి. జీతమంతా ఉమ్మడి పెట్టెలో వేసినవాని మీద! కొత్తగా వచ్చిన యువ మిషనరీలు విడిపోయి కలకత్తాలో వేరే పని పెట్టుకున్నారు. వారిలో యూస్టేస్ కూడా ఉన్నాడు. 1827లో సెరాంపూర్, మాతృసంఘం అధికారికంగా వేరైపోయాయి. కేరీ తాను పుట్టించిన మిషను సంఘానికే పరాయివాడయ్యాడు. సంఘ చీలికలు, కమిటీ లెక్కల తగవులు, కోర్టు కాగితాలు మన నేల మీదే మొలిచాయనుకునేవారు ఈ పుట చదవాలి.

ఇంట్లోనూ అంతే. ఫీలిక్స్ బర్మాకు మిషనరీగా వెళ్ళాడు. 1814లో పడవ మునిగి అతని భార్యాబిడ్డలు నీళ్ళపాలయ్యారు. అతడు అక్కడి రాజుకు రాయబారిగా మారి కొంతకాలం హోదాతో వెలిగాడు. లోకం దృష్టిలో కొడుకు పైకి వచ్చాడు. తండ్రి మాత్రం వాడు కుంచించుకుపోయాడని బాధపడ్డాడు. ఫీలిక్స్ తర్వాత దారితప్పి తిరిగి, సెరాంపూర్‌కు వచ్చి అచ్చుపనిలో తండ్రికి సాయపడి, 1822లో చనిపోయాడు. 1823లో నది పొంగి కేరీ ఉండే ఇంటిని, ఇరవై ఏళ్ళుగా పెంచిన తోటను కొట్టుకుపోయింది. ఆ తోట ఆయనకు ప్రాణం, మొక్కల శాస్త్రంలో ఆయన పేరు ఈనాటికీ ఉంది. 1830 తర్వాత కలకత్తాలోని పెద్ద వ్యాపార సంస్థలు ఒకదాని వెనుక ఒకటి కూలి, వాటిలో దాచిన మిషను సొమ్ము పోయింది. కళాశాల ఉద్యోగమూ పోయి సగం జీతం పింఛనుగా మిగిలింది.

ఆ నడుమ ఒక ఆదివారం గురించి చెప్పకుండా ముందుకు పోలేము. 1829 డిసెంబరులో గవర్నర్ జనరల్ బెంటింక్ సతీసహగమనాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు చేశాడు. బెంగాలీలోకి అనువదించమని ఆ కాగితం కేరీకి చేరింది ఆదివారం ఉదయాన, ఆరాధనకు బయలుదేరే వేళ. ఆయన ప్రసంగం వేరొకరికి అప్పగించి, కోటు తీసేసి, పండితుడిని పిలిపించుకొని సాయంత్రం వరకు కూర్చొని పూర్తిచేశాడు. ఒక్క గంట ఆలస్యమైతే ఎక్కడో ఒక విధవరాలు చితి ఎక్కవచ్చని ఆయన ఆలోచన. పులపీఠం విడిచి ఒక స్త్రీ ప్రాణం కోసం బల్ల దగ్గర కూర్చున్న ఆ ముసలాయనను చూసినప్పుడు, డొరొతి కాదన్న మాట వినని ఆ యువకుడు చాలా దూరం నడిచి వచ్చాడనిపిస్తుంది. ఇది మా ఊహే, ఆయన ఎక్కడా అలా చెప్పుకోలేదు.

1834 నాటికి మంచం పట్టాడు. యువ మిషనరీ అలెగ్జాండర్ డఫ్ చూడడానికి వచ్చి ఆయన చేసిన పనులన్నీ చెప్పుకొచ్చాడు. వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచి, ఇందాకటి నుండి డాక్టర్ కేరీ గురించే మాట్లాడావు, నేను పోయాక కేరీ రక్షకుని గురించి మాట్లాడమని మెల్లగా అడిగాడు. జూన్ 9న కన్నుమూశాడు. ఆయనకు 72 ఏళ్ళు.

ఆయన వీలునామా చిన్నది. ముందుగా అప్పులేమైనా ఉంటే తీర్చాలి. అంత్యక్రియలు వీలైనంత సాదాగా ఉండాలి. తన కోసం వేరే రాయి వద్దు, రెండవ భార్య షార్లెట్ సమాధి రాతి మీద పైనో కిందో చోటు మిగిలితే అక్కడ పేరూ తేదీలూ, ఒక కీర్తనలోని రెండు పంక్తులూ చెక్కితే చాలు. ఆ వీలునామాలో డొరొతి పక్కన చోటు అడగలేదు. సెరాంపూర్ ఆస్తిలో తనకు ఏ హక్కూ లేదని వ్రాశాడు. సేకరించిన గవ్వలు, రాళ్ళు, పురుగుల నమూనాలు కళాశాలకు ఇచ్చాడు. మూడవ భార్య గ్రేస్‌కు కావలసిన ఇంగ్లీషు పుస్తకాలు ఆమె తీసుకున్నాక తక్కిన గ్రంథాలను వేలం వేసి, ఆ సొమ్ములో 1500 రూపాయలు యాబేజుకు ఇమ్మన్నాడు. మిగతా కొడుకులకు అంతంత ముందే ఇచ్చాడు, ఇతనికే బాకీ ఉంది. తల్లి చంకలో ఓడ ఎక్కిన ఆ పసికందే ఈ యాబేజు. నలభై ఏళ్ళ తర్వాత అతనికి ఇవ్వడానికి తండ్రి దగ్గర అమ్ముకోదగ్గవి పుస్తకాలు తప్ప ఏమీ లేవు.

పల్లె కాపరికి మేము ఉత్తరం వ్రాశాము. క్షమించవలసింది ఏమీ లేదని, ఈ ఏడు అతని ఇంట్లోవాళ్ళు ఎలా ఉన్నారో వ్రాయమని అడిగాము.